4కే డిస్కుల్లో మాయమైన డేటా: ఒక కెర్నల్ డ్రైవర్‌లో వేరియబుల్ పేర్లు మార్చిన కేస్ స్టడీ

512 బైట్ల సెక్టార్లున్న డిస్కుల మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన ఒక స్టోరేజ్ డ్రైవర్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలమైన కెర్నల్ తరఫున డిస్కుతో మాట్లాడే కోడ్), 4096 బైట్ల (4కే) లాజికల్ బ్లాకులతో ఫార్మాట్ చేసిన డిస్కుల మీద డేటా పోగొడుతోందని టెస్టింగ్ వాళ్లు రిపోర్ట్ ఇచ్చారు. రాయడం ఫెయిలవడం లేదు. రాసింది రాసినట్టే డిస్కు మీదికి వెళ్తోంది, వెంటనే చదివితే చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూసే లెక్క) సరిపోతోంది. కొన్నాళ్ల తర్వాత అదే ఫైలు తెరిస్తే మధ్యలో పెద్ద ముక్క మొత్తం సున్నాలు. కెర్నల్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, డివైస్ వైపు నుంచీ ఏ ఫిర్యాదూ లేదు.

ఈ డ్రైవర్ లినక్స్ మెయిన్ ట్రీలోది కాదు, బయట విడిగా మెయింటెయిన్ అయ్యేది. కొన్ని వేల లైన్ల సీ కోడ్. రాసినవాళ్లలో చాలామంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. మా చిన్న టీమ్ చేతికి వచ్చేసరికి అందులో నలుగురైదుగురి అలవాట్లు కలగాపులగంగా ఉన్నాయి. బగ్ చివరికి ఒక్క లైనులో తేలింది, దాన్ని సరిచేయడానికి పెద్దగా కష్టపడలేదు. ఆ లైను అంతమంది రివ్యూయర్ల కళ్లు ఎలా దాటింది, మళ్లీ అలాంటిది దాటకుండా వేరియబుల్ పేర్లను ఎలా మార్చాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

సున్నాల లెక్క

మొదటి అనుమానం క్యాష్ మీద పడింది, తర్వాత డివైస్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ మీద. డ్రైవర్‌ని ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే రీడ్, రైట్ రెండూ ఎంత లోడ్ పెట్టినా తప్పు చూపించలేదు. టైమింగ్ చూస్తే దారి దొరికింది. ఫైళ్లు పాడైన మెషిన్లన్నింటిలోనూ ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఆన్‌లో ఉంది. సిస్టమ్‌డీ ఉన్న మెషిన్లలో ఆ టైమర్ వారానికోసారి లేచి, ఫైల్‌సిస్టమ్‌లో ఖాళీగా ఉన్న చోట్లన్నీ 'ఇవి ఇక అక్కర్లేదు' అని డిస్కుకి చెప్పిస్తుంది. దీన్నే డిస్కార్డ్ అంటారు. టైమర్ ఆపేసిన మెషిన్లలో ఫైళ్లు చెక్కుచెదరలేదు.

పాడైన ఫైళ్లు డిస్కు మీద ఎక్కడెక్కడ ఉన్నాయో ఫైల్‌ఫ్రాగ్ అనే టూల్‌తో తీశాం. డిస్కుకి వెళ్లే రిక్వెస్టులను రికార్డు చేసే బీఎల్‌కేట్రేస్‌లో పట్టిన డిస్కార్డ్ రిక్వెస్టులను దాని పక్కన పెట్టి చూశాం. 1 ఎంబీ ఖాళీ చోటుకి డిస్కార్డ్ వెళ్తే, దాని తర్వాత ఉన్న 7 ఎంబీ కూడా సున్నాలైంది. 4 ఎంబీకి వెళ్తే తర్వాతి 28 ఎంబీ పోయింది. మొదలు ఎప్పుడూ కరెక్టే, పొడవు మాత్రం ఎనిమిది రెట్లు. 4096ని 512తో భాగిస్తే వచ్చేదీ ఎనిమిదే. అక్కడితో ఫర్మ్‌వేర్ వాళ్లకి మెయిళ్లు రాయడం ఆపి మా కోడ్ తెరిచాం.

ఆ రెండు లైన్లు

లినక్స్ బ్లాక్ లేయర్‌లో (డిస్కు రిక్వెస్టులను డ్రైవర్లకు అందించే కెర్నల్ భాగంలో) సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే. డిస్కు నిజంగా ఎంత సైజు బ్లాకులతో పనిచేస్తోందన్న దానితో సంబంధం లేదు. 'సెక్టర్_టీ' టైపును డిఫైన్ చేసిన హెడర్‌లో కామెంట్ కూడా ఇదే చెబుతుంది. డిస్కు మాత్రం తన సొంత బ్లాకుల్లో, అంటే ఎల్‌బీఏల్లో (లాజికల్ బ్లాక్ అడ్రస్) లెక్కపెట్టుకుంటుంది. 512 డిస్కుల మీద ఈ రెండు అంకెలూ ఒకటే. 4కే డిస్కుల మీద ఒక ఎల్‌బీఏకి 8 సెక్టార్లు. ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మార్చే బాధ్యత డ్రైవర్‌ది.

మా డ్రైవర్‌లో డిస్కార్డ్ కమాండ్ తయారుచేసే ఫంక్షన్ చివర్లో ఈ రెండు లైన్లుండేవి:

రేంజ్->బీఎల్‌కే = సీపీయూ_టు_ఎల్ఈ64(బీఎల్‌కే);
రేంజ్->సీఎన్‌టీ = సీపీయూ_టు_ఎల్ఈ32(సీఎన్‌టీ);

బీఎల్‌కే అంటే బ్లాక్, సీఎన్‌టీ అంటే కౌంట్. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉన్నాయి. బీఎల్‌కేలోకి బీఎల్‌కే వెళ్తోంది, సీఎన్‌టీలోకి సీఎన్‌టీ వెళ్తోంది. బీఎల్‌కేని ఆ పై లైనులోనే షిఫ్ట్ చేసి (బిట్లు జరిపి, 4కే డిస్కుకైతే 8తో భాగించి) ఎల్‌బీఏగా మార్చారు. సీఎన్‌టీ మాత్రం ఫంక్షన్ మొదట్లో, డిక్లరేషన్ల దగ్గరే, 'బీఎల్‌కే_ఆర్‌క్యూ_సెక్టర్స్' నుంచి నేరుగా వచ్చింది. అంటే అది సెక్టార్లలో ఉంది. 1 ఎంబీ డిస్కార్డ్‌కి 2048 సెక్టార్లు. కార్డుకి (మా డ్రైవర్ నడిపే స్టోరేజ్ డివైస్‌కి) అందిన మాట '2048 ఎల్‌బీఏలు', అంటే 8 ఎంబీ. అది చెప్పింది చెప్పినట్టు చెరిపేసింది.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ రెండు లైన్లలో బైట్ ఆర్డర్ (బైట్లను ఏ వరసలో పెట్టాలన్నది, దీన్నే ఎండియన్ అంటారు) మాత్రం కచ్చితంగా ఉంది. కెర్నల్‌లో ఎల్ఈ32, బీఈ32 లాంటి టైపులకు స్పార్స్ అనే చెకర్ కాపలా కాస్తుంది, ఎండియన్ కలగలిస్తే వెంటనే అరుస్తుంది. యూనిట్ కలగలిస్తే అరిచేవాళ్లు లేరు. కంపైలర్ దృష్టిలో సెక్టార్ల సంఖ్యా 32 బిట్ల అంకే, ఎల్‌బీఏల సంఖ్యా 32 బిట్ల అంకే.

4కే సపోర్ట్ తెచ్చిన పాత ప్యాచ్‌ని (కోడ్ మార్పుల ముక్కని) బయటికి తీసి, రివ్యూయర్ చూసినట్టే చూశాం. కోడ్ మార్పులను చూపించే గిట్ డిఫ్ మామూలుగా మారిన లైనుకి పైన 3, కింద 3 లైన్లే చూపిస్తుంది. బీఎల్‌కేని షిఫ్ట్ చేసిన కొత్త లైను అందులో ఉంది. దాని కింద ఈ రెండు లైన్లూ ఉన్నాయి. సీఎన్‌టీ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం లేదు. అంటే రివ్యూయర్ దగ్గరున్న ఆధారం ఆ పేరు ఒక్కటే, ఆ పేరేమో ఏమీ చెప్పలేదు. కెర్నల్ పనిలో సగం ఇలా మెయిల్‌లో వచ్చిన ముక్కల్ని చదవడమే. ఎడిటర్‌లో పేరు మీద మౌస్ పెట్టి టైపు చూసుకునే వీలు అక్కడ ఉండదు. ఉన్నా ఈ కేసులో 'అన్‌సైన్డ్ ఇంట్' అని చెప్పి ఊరుకునేది.

పైగా కెర్నల్‌లో 'బీఎల్‌కే_' అన్న ప్రిఫిక్స్ బ్లాక్ లేయర్‌కి గుర్తు, బ్లాకు అనే కొలతకి కాదు. మా డ్రైవర్‌లో అదే బీఎల్‌కే కొన్నిచోట్ల 512 బైట్ల సెక్టార్, కొన్నిచోట్ల ఎల్‌బీఏ, ఇంకో ఫైల్లో ఫ్లాష్ మెమరీ ఎరేజ్ బ్లాక్ (ఒకేసారి చెరిపే ముక్క). ఒక ఫంక్షన్ చూపించి 'ఇక్కడ బీఎల్‌కే అంటే సెక్టారా, ఎల్‌బీఏనా?' అని, ఆ ఫైలుతో అందరికన్నా ఎక్కువ కాలం గడిపిన ఇంజినీర్‌ని అడిగితే, 'ఒక్క నిమిషం, చూసి చెప్తానండీ' అన్నారు. ఆయనకు తెలియక కాదు, చూడకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు.

ముందు ఫిక్స్, తర్వాతే పేర్లు

ఫిక్స్ ప్యాచ్‌లో ఒక్క పేరు కూడా ముట్టుకోలేదు. పాత పేర్లతోనే, సీఎన్‌టీని షిఫ్ట్ చేసే ఒక్క లైను పెట్టి పంపించాం. ఈ వరస మార్చకూడదని నా అభిప్రాయం. పాత రిలీజులు వాడుతున్నవాళ్లకి ఆ ఫిక్స్ ఈరోజే కావాలి. పేర్ల మార్పుతో కలిపితే పాత బ్రాంచుల మీద ప్యాచ్ ఎక్కదు. పాత రిలీజులకు ఫిక్స్‌లు అందించే లినక్స్ స్టేబుల్ ట్రీ రూల్స్ కూడా ఇదే దారిలో ఉంటాయి. కాంటెక్స్ట్ లైన్లతో కలిపి 100 దాటిన ప్యాచ్ తీసుకోరు, వాడేవాళ్లకు ప్రయోజనం లేని క్లీనప్‌లు అసలే తీసుకోరు.

పేర్ల పనికి అందరినీ ఒప్పించడానికి మాత్రం టైమ్ పట్టింది. 'నడుస్తున్న కోడ్‌ని కెలకడం ఎందుకు' అన్నది మొదటి అభ్యంతరం. ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ అంతా మా పేర్లతో నిండిపోయి అసలు ఎవరు ఎందుకు రాశారో దొరకదన్నది రెండోది. రెండూ న్యాయమైనవే. రెండోదానికి మందు ఉంది: 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, బ్లేమ్ చేసేటప్పుడు ఫలానా కమిట్లను వదిలేయమని ఒక ఫైల్లో రాసిపెట్టుకోవచ్చు. మొదటిదానికి జవాబు ఆ సున్నాల రిపోర్టే.

ఒక సహోద్యోగి ఇంకా గట్టి పరిష్కారం చెప్పారు. పేర్లతో ఎందుకు, ఒక్కో యూనిట్‌నీ వేరే స్ట్రక్ట్‌లో (సీలో మనమే కట్టుకునే టైపులో) చుట్టేస్తే తప్పు రాసినప్పుడు కంపైలే అవదు కదా అని. కెర్నల్‌లో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. పేజ్ టేబుల్ ఎంట్రీలకు 'పీటీఈ_టీ' అలాంటిదే. యూజర్ నేమ్‌స్పేస్‌ల పనిలో భాగంగా 2012లో యూజర్ ఐడీల (యూఐడీల) కోసం వచ్చిన 'కేయూఐడీ_టీ' కూడా అంతే. మాకూ నచ్చింది, ఒక ఫైల్లో రాసి చూశాం. తేడా ఎక్కడంటే, యూఐడీలను ఎవరూ కూడరు, భాగించరు, పోల్చుతారంతే. సెక్టార్లను ప్రతి రెండో లైనులో కూడాలి, షిఫ్ట్ చేయాలి, మాస్క్ చేయాలి. ప్రతి పనికీ ఒక హెల్పర్ ఫంక్షన్ రాస్తే లెక్క కనిపించకుండా పోయింది, హెల్పర్ల పేర్లే కనిపించాయి. స్పార్స్‌లో ఉండే బిట్‌వైజ్ టైపులూ ఇక్కడ పనికిరాలేదు, వాటి మీద కూడిక కుదరదు. దాంతో పేర్ల దగ్గరికే తిరిగి వచ్చాం.

ఏ పేరు, ఎందుకు

మొదలుపెట్టే ముందు లినక్స్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్‌లో పేర్ల భాగం మళ్లీ చదివాం. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదట రాసిన ఆ డాక్యుమెంట్ సీని స్పార్టన్ (ఆడంబరం లేని) భాష అంటుంది, పేర్లూ అలాగే ఉండమంటుంది. లూప్ కౌంటర్‌కి 'ఐ' చాలు, 'లూప్_కౌంటర్' అనడం దండగ. గ్లోబల్ పేర్లు మాత్రం వివరంగా ఉండితీరాలి. టైపును పేరులో ఇరికించే హంగేరియన్ నొటేషన్‌ని అది గట్టిగానే తిడుతుంది. కొందరు ఇదంతా చదివి 'కెర్నల్‌లో పొట్టి పేర్లే పెట్టాలి' అని తేల్చేస్తారు. నాకు అందులో కనిపించేది వేరు. ఒక పేరు ఎంత దూరం ప్రయాణిస్తుందో అంత వివరం మోయాలి. అయిదు లైన్ల లూప్‌లో పుట్టి అక్కడే పోయేదానికి 'ఐ' కన్నా మంచి పేరు లేదు. స్ట్రక్చర్‌లో కూర్చుని ఫైలు నుంచి ఫైలుకి తిరిగే ఫీల్డ్‌కి 'సీఎన్‌టీ' చాలదు.

యూనిట్‌ని పేరులో పెట్టడం హంగేరియన్ నొటేషన్ కిందికి రాదా అని రివ్యూలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. టైపు సంగతి కంపైలర్‌కి ఎలాగూ తెలుసు, దాన్ని పేరులో మళ్లీ చెబితే చదివేవాళ్లకి చిరాకు తప్ప లాభం లేదు. యూనిట్ సంగతి కంపైలర్‌కి తెలియదు, స్పార్స్‌కి తెలియదు. రాసినవాళ్లు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

కాబట్టి 512 బైట్ల లెక్కలో ఉన్నవన్నీ 'సెక్టర్', 'ఎన్ఆర్_సెక్ట్స్' అయ్యాయి ('ఎన్ఆర్' అంటే నంబర్). డివైస్ లెక్కలో ఉన్నవి 'ఎల్‌బీఏ', 'ఎన్ఆర్_ఎల్‌బీఏస్'. ఇవి మేం కనిపెట్టినవి కావు. కెర్నల్‌లోని ఎన్‌వీఎంఈ (ఎస్ఎస్‌డీలు వాడే ఒక ప్రమాణం) డ్రైవర్‌లో ఇదే మార్పిడికి 'ఎన్‌వీఎంఈ_సెక్ట్_టు_ఎల్‌బీఏ' అనే హెల్పర్, దానికి ఎదురుది ఒకటి ఉన్నాయి. చుట్టుపక్కల కోడ్‌లో ఉన్న మాటే వాడితే కొత్తగా వచ్చేవాళ్లకి మా డిక్షనరీ వేరుగా నేర్చుకునే బాధ ఉండదు. 'లెన్' అంటే బైట్లే, ఇంకేదీ కాదు. ఎరేజ్ బ్లాక్‌కి 'ఈబీ'. బీఎల్‌కే అన్న పేరు వేరియబుళ్లకి, ఫీల్డులకి పూర్తిగా నిషేధం. ఈ ఒక్క పని చేసి మిగతావన్నీ వదిలేసినా సగం లాభం వచ్చేదని ఇప్పటికీ అనుకుంటాను.

అన్నింటికన్నా ఎక్కువ వాదన జరిగింది ఒక చిన్న ఫీల్డ్ మీద. మా కార్డుకి రీడ్, రైట్ కమాండ్లలో పొడవు పంపేటప్పుడు ఒకటి తగ్గించి పంపాలి. సున్నా పంపితే ఒక బ్లాకు అని అర్థం. ఎన్‌వీఎంఈ స్పెసిఫికేషన్‌లోనూ రీడ్, రైట్ పొడవు ఇలాగే సున్నా నుంచి మొదలవుతుంది. డిస్కార్డ్ రేంజ్‌లో మాత్రం ఉన్న సంఖ్య ఉన్నట్టే పంపాలి. ఒకే కార్డు, రెండు లెక్కలు. మొదట 'ఎన్ఎల్‌బీ' (నంబర్ ఆఫ్ లాజికల్ బ్లాక్స్) అని పెడదామన్నారు, స్పెసిఫికేషన్‌లో ఆ మాటే ఉంది కాబట్టి. కానీ ఎన్ఎల్‌బీ చూసి ఎవరికీ ఒకటి తగ్గించాలని గుర్తురాదు. చివరికి 'ఎన్ఆర్_ఎల్‌బీఏస్_మైనస్1' అని తేల్చాం. వికారంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఆ వికారం వల్లే కుడివైపు '- 1' లేని లైను కంటికి తగులుతుంది కాబట్టి అలాగే ఉంచాం.

రెండో వైపుకి జారే ప్రమాదమూ వచ్చింది. ఉత్సాహంలో ఒకరు 'నంబర్_ఆఫ్_లాజికల్_బ్లాక్స్_ఇన్_రిక్వెస్ట్' అని పంపారు. కెర్నల్‌లో ఒక్కో ట్యాబ్ 8 కాలమ్‌లు, రెండు లెవెళ్లు లోపలికి వెళ్తే 16 అక్కడే పోతాయి. అలాంటి రెండు పేర్లను కూడి మూడోదాంతో పోల్చితే ఎక్స్‌ప్రెషన్ మూడు లైన్లకి విరుగుతుంది. విరిగిన లెక్కలో ప్లస్ ఎక్కడుందో, కంపారిజన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. లెక్క ఆకారం ఒక చూపులో కనిపించాలి, పేరులో యూనిట్ కనిపించాలి. ఈ రెండూ ఇమిడేంత పొడవు చాలు.

ఒకే వస్తువుకి ఒకే పేరు అన్నది ఇంకో పెద్ద మార్పు. కంట్రోలర్ స్ట్రక్చర్‌కి పాయింటర్ మా కోడ్‌లో ఒకచోట 'డెవ్', ఇంకోచోట 'ప్రివ్', 'సీటీఎక్స్', 'హెచ్‌డబ్ల్యూ', ఒక ఫైల్లో వట్టి 'పీ'. ఇందులో 'డెవ్' అన్నింటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే కెర్నల్ అంతటా డెవ్ అంటే 'స్ట్రక్ట్ డివైస్' అని అలవాటు. అన్నీ 'సీటీఆర్ఎల్' అయ్యాయి. బ్లాక్ లేయర్‌లో 'ఆర్‌క్యూ', 'బయో', 'బీడెవ్' ఎంత పొట్టివైనా ఎవరికీ తికమక రాదు, అన్ని ఫైళ్లలో అవే పేర్లు కాబట్టి. గ్రెప్‌తో వెతికినా దొరుకుతాయి.

అడ్రసులదీ దాదాపు అదే గొడవ. 'ఏడీడీఆర్' అన్న పేరుతో వర్చువల్ అడ్రస్, డీఎంఏ అడ్రస్ (డివైస్ నేరుగా మెమరీని అందుకునేది), యూజర్ స్పేస్ అడ్రస్ (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములది) మూడూ తిరిగేవి. ఇక్కడ కెర్నల్ కొంత సాయం చేస్తుంది. యూజర్ పాయింటర్‌కి '__యూజర్', రిజిస్టర్ల మ్యాపింగ్‌కి '__ఐవోమెమ్' అని గుర్తు పెడితే స్పార్స్ చూసుకుంటుంది. డీఎంఏ అడ్రస్ మాత్రం టైప్‌డెఫ్ వెనక వట్టి అంకె. అందుకని దానికి ప్రతిచోటా '_డీఎంఏ' తోక తగిలించాం, మిగతావి స్పార్స్‌కి వదిలేశాం.

ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే లాకుల విషయంలో పేర్ల మీద భారం వేయలేదు. ఫంక్షన్ పేరు చివర '_లాక్‌డ్' అని ఉంటే 'లాక్ పట్టుకుని పిలవాలి' అని కొందరికి, 'లోపల లాక్ తీసుకుంటుంది' అని కొందరికి అర్థమవుతుంది. పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టే అలవాటు ఇంకా అస్పష్టం. ఫంక్షన్ మొదటి లైనులో 'లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్' పెడితే, లాకులను తనిఖీ చేసే లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నల్‌లో తప్పుగా పిలిచిన ప్రతిసారీ వార్నింగ్ పడుతుంది. మెషిన్ చెక్ చేయగలిగినదాన్ని పేరుతో చెప్పించడం నాకిష్టం లేదు. గోటో లేబుళ్లు 'ఎర్1', 'ఎర్2' నుంచి 'అవుట్_ఫ్రీ_ట్యాగ్స్' లాంటివి అయ్యాయి, కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ ఎలాగూ అదే చెబుతుంది. రెండు నెగెటివ్‌లు కలిసిన ఫ్లాగులు కొన్ని ఉన్నాయి, వాటిని తిరగేశాం.

పేరు మారినా మెషిన్ కోడ్ మారకూడదు

పేర్ల ప్యాచుల్లో పేర్లు తప్ప ఇంకేదీ మారకూడదని పెట్టుకున్నాం. మాట మీద నమ్మకం పెట్టుకోకుండా, ప్రతి ప్యాచ్‌కి ముందూ తర్వాతా కంపైల్ చేసి, డీబగ్ ఇన్ఫర్మేషన్ తీసేసి, ఆబ్జ్‌డంప్‌తో టెక్స్ట్ సెక్షన్ (మెషిన్ కోడ్ ఉండే భాగం) పోల్చి చూశాం. డీబగ్ సమాచారంలో వేరియబుల్ పేర్లుంటాయి కాబట్టి అది తీయకపోతే తేడా తప్పదు. ఇంకో చిక్కు వార్నింగ్ మ్యాక్రోలది. అవి లైన్ నంబర్‌ని దాచుకుంటాయి, కాబట్టి ఒక లైను రెండుగా విరిగినా తేడా కనిపిస్తుంది. అలాంటివి చేత్తో చూసుకున్నాం. మిగతా తేడా ఏది వచ్చినా ప్యాచ్ వెనక్కి.

మార్చడానికి, అక్షరాలు మాత్రమే చూసి మార్చే సెడ్ వాడలేదు. 'సీఎన్‌టీ' మీద సెడ్ కొడితే ఇంకో పది పేర్ల మధ్యలో ఉన్న సీఎన్‌టీ కూడా పోతుంది. కాక్సినెల్ వాడాం. అది సీ భాషని పార్స్ చేసి ఫలానా స్ట్రక్చర్‌లో ఫలానా ఫీల్డ్ అని గుర్తుపట్టి మారుస్తుంది, కెర్నల్ సోర్సులో దాని స్క్రిప్టులు ఎలాగూ ఉన్నాయి. కామెంట్లలో ఉన్న పాత పేర్లను అది పట్టించుకోదు, అవి విడిగా చదివి దిద్దాం. అయినా టూల్ చేయలేని భాగమే అసలు పని. 'సీఎన్‌టీ'ని దేనిగా మార్చాలన్నది ప్రతి చోటా మనిషి చదివి తేల్చాల్సిందే. బీఎల్‌కే ఉన్న ఒక్కో ఫంక్షన్ దగ్గరా ఆగి, ఈ అంకె ఏ కొలతలో ఉందని అడగాల్సి వచ్చింది.

దారిలో దొరికినవి

ఆ అడగడంలోనే ఇంకొన్ని బయటపడ్డాయి. కార్డు ఒక కమాండ్‌లో గరిష్ఠంగా 256 బ్లాకులు తీసుకుంటుంది. డివైస్ పరిమితులను బ్లాక్ లేయర్‌కి చెప్పే క్యూ లిమిట్స్‌లో 'మ్యాక్స్_హెచ్‌డబ్ల్యూ_సెక్టర్స్' పెట్టేచోట కొత్త పేరు పెట్టగానే లైను ఇలా తయారైంది:

లిమ్->మ్యాక్స్_హెచ్‌డబ్ల్యూ_సెక్టర్స్ = సీటీఆర్ఎల్->మ్యాక్స్_ఎల్‌బీఏస్;

ఎడమవైపు సెక్టార్లు, కుడివైపు ఎల్‌బీఏలు. కోడ్ రాయడం రానివాళ్లు కూడా 'ఇదేంటి' అని అడిగేలా ఉంది. 4కే డిస్కు మీద 256 బ్లాకులంటే 1 ఎంబీ. మేం బ్లాక్ లేయర్‌కి చెబుతున్నది 256 సెక్టార్లు, 128 కేబీ. డేటాకి ఏ నష్టమూ లేదు, పెద్ద రిక్వెస్టులన్నీ ఎనిమిది ముక్కలై వెళ్తున్నాయంతే. 4కే డిస్కులు ఆశించినంత స్పీడ్ ఇవ్వట్లేదన్న పాత ఫిర్యాదు ఒకటి క్లోజ్ అయింది.

అదే క్యూ లిమిట్స్‌లో 'మ్యాక్స్_డిస్కార్డ్_సెక్టర్స్' సెక్టార్లలో, 'డిస్కార్డ్_గ్రాన్యులారిటీ' బైట్లలో ఉంటాయి. మొదటి పేరు తన యూనిట్ తానే చెబుతుంది, రెండోది చెప్పదు. కెర్నల్‌లోని పేర్లన్నీ ఆదర్శం అనుకోనక్కర్లేదు.

టైమౌట్ల దగ్గర ఇంకోటి. 'టీఎంవో' అనే ఫీల్డ్‌లో 5000 ఉండేది. రాసినవారి మనసులో అది 5 సెకన్లు, అంటే మిల్లీసెకన్లు. దాన్ని నేరుగా 'వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్'కి ఇచ్చారు. ఆ ఫంక్షన్ అడిగేది జిఫీలు, అంటే కెర్నల్ టైమర్ టిక్కులు. హెచ్‌జడ్ (సెకనుకి ఎన్ని జిఫీలన్నది) 1000గా బిల్డ్ చేసిన కెర్నల్‌లో ఒక జిఫీ ఒక మిల్లీసెకను, కాబట్టి తప్పు కనిపించదు. డెవలపర్ల మెషిన్లన్నీ అలాంటివే. హెచ్‌జడ్ 250 అయితే అదే 5000 అంటే 20 సెకన్లు, 100 అయితే 50. 'టీఎంవో_ఎంఎస్' అని పేరు మార్చేసరికి మధ్యలో 'ఎంసెక్స్_టు_జిఫీస్' లేదన్న సంగతి దానంతటదే కనిపించింది.

దాని పక్క లైను కూడా చెప్పుకోదగ్గదే. ఆ ఫంక్షన్ టైమ్ అయిపోతే సున్నా, లేకపోతే ఇంకా మిగిలిన జిఫీలు ఇస్తుంది. మా కోడ్‌లో దాన్ని 'టైమౌట్' అనే వేరియబుల్‌లో పట్టి, 'టైమౌట్ కాకపోతే టైమౌట్ ఎర్రర్ ఇవ్వు' అని చదివించే కండిషన్ రాశారు. లాజిక్ కరెక్టే, చదివితే మాత్రం తిరగబడి వినిపిస్తుంది. ఇది మా ఒక్కరి జబ్బు కాదు. మెయిన్ కెర్నల్‌లోనూ చాలా డ్రైవర్లలో ఇలాగే ఉండేది, 2024లో వాటిలో చాలావాటిని 'టైమ్_లెఫ్ట్' అని మారుస్తూ వరసగా ప్యాచులు వచ్చాయి. మేమూ అదే తీసుకున్నాం.

అర్థం మారినప్పుడు

'ఫిల్_రేంజ్' అనే మా హెల్పర్ ఇదివరకు సెక్టార్లు తీసుకునేది, ఇప్పుడు ఎల్‌బీఏలు తీసుకుంటుంది. ఆర్గ్యుమెంట్ల టైపులు అవే, సంఖ్య అదే. ఫంక్షన్ పేరు కూడా మార్చాలా, పారామీటర్ల పేర్లు మార్చితే చాలదా అన్న చర్చ వచ్చింది. మార్చితీరాలని నేను పట్టుబట్టాను. దానికి కారణం కెర్నల్‌లోనే జరిగిన ఒక ఉదంతం.

మెమరీ పేజీలు పంచే పేజ్ అలొకేటర్‌లో 'మ్యాక్స్_ఆర్డర్' అని ఒక కాన్‌స్టంట్ ఉండేది. పేరు చూస్తే అడగగలిగిన అతిపెద్ద ఆర్డర్ (ఆర్డర్ ఒకటి పెరిగితే అడిగే పేజీలు రెట్టింపు) అనిపిస్తుంది. నిజానికి అది ఆర్డర్ల సంఖ్య. మామూలు విలువ 11, అంటే 0 నుంచి 10 వరకే అడగొచ్చు. ఈ ఒకటి తేడా వల్ల కెర్నల్‌లో చాలాచోట్ల బగ్గులు పడ్డాయి. 2023లో వచ్చిన లినక్స్ 6.4లో దాని అర్థాన్ని పేరుకి తగ్గట్టు మార్చి, విలువని 10 చేశారు. ట్రీలో ఉన్న కోడ్ అంతా ఒకేసారి దిద్దారు. ఇంకా ట్రీలోకి రాని కోడ్ మాత్రం పాత అర్థంతోనే ఉంది. పేరు అదే కాబట్టి అది చక్కగా కంపైలవుతుంది, తప్పుగా నడుస్తుంది. చివరికి 2024లో వచ్చిన 6.8లో పేరునే 'మ్యాక్స్_పేజ్_ఆర్డర్' అని మార్చారు, సంఖ్య కావాల్సినవాళ్లకి 'ఎన్ఆర్_పేజ్_ఆర్డర్స్' అని వేరేది ఉంచారు. మార్పు తెలియని కోడ్ అప్పటినుంచి కంపైల్ దగ్గరే ఆగిపోతుంది.

మా హెల్పర్ 'ఫిల్_ఎల్‌బీఏ_రేంజ్' అయింది. వారం తిరక్కుండానే, పక్క టీమ్ బ్రాంచ్ ఒకటి మా దాంతో కలిపినప్పుడు బిల్డ్ ఆగింది. వాళ్లు పాత పేరుతో సెక్టార్లు పంపుతున్నారు. పేరు మార్చకపోయి ఉంటే అది నేరుగా డిస్కుల మీదికి వెళ్లేది.

ముట్టుకోనివి

యూజర్ స్పేస్‌కి కనిపించే పేర్ల జోలికి పోలేదు. సిస్‌ఎఫ్ఎస్ (డ్రైవర్ సెట్టింగులను బయటికి చూపించే) ఫైళ్ల పేర్లు, ట్రేస్‌పాయింట్ (నడుస్తున్న కోడ్‌ని గమనించడానికి పెట్టిన చోటు) ఫీల్డుల పేర్లు ఎవరో ఒకరి స్క్రిప్టులో ఉంటాయి. ట్రేస్‌పాయింట్‌లో ఒక 'సీఎన్‌టీ' అలాగే మిగిలిపోయింది, దాని పక్కన కామెంట్‌లో యూనిట్ రాశాం. మాడ్యూల్ పారామీటర్లకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 'మాడ్యూల్_పారామ్_నేమ్‌డ్' వాడితే బయటికి పాత 'టీఎంవో' కనిపిస్తూనే లోపల వేరియబుల్ 'టీఎంవో_ఎంఎస్'గా ఉండొచ్చు.

ఫర్మ్‌వేర్ టీమ్ నుంచి వచ్చే హెడర్ ఇంకో సంగతి. అందులో అన్నీ క్యామెల్‌కేస్ (మాటలు కలిపేసి మధ్యలో పెద్దక్షరం పెట్టే) పేర్లు, 'బీఎల్‌కేకౌంట్' లాంటివి. ప్రతి ఫర్మ్‌వేర్ రిలీజ్‌కీ ఆ ఫైలు కొత్తగా జెనరేట్ అయి వస్తుంది కాబట్టి మేం మార్చినా నిలవదు. ఆ హెడర్‌ని ఇంక్లూడ్ చేసే హక్కు ఒక్క సీ ఫైలుకే ఇచ్చాం. వాళ్ల పేర్ల నుంచి మా పేర్లకు మార్పిడి అంతా అందులోనే జరుగుతుంది. కెర్నల్ స్టైల్‌ని చూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ ఆ ఫైలు మీద క్యామెల్‌కేస్ అని గోల చేస్తూనే ఉంటుంది, పట్టించుకోం. హెడర్‌లో ఏ ఫీల్డ్ ఏ కొలతలో ఉందో వాళ్ల డాక్యుమెంట్‌లో రాయమని అడిగాం. తర్వాతి రిలీజ్‌లో కొన్నింటికి రాసి పంపారు, మిగతావాటి కోసం టికెట్ ఇంకా తెరిచే ఉంది.